చెరువు, శికం, ప్లాట్లు: ఊరి నక్షా నుంచి మూడు బ్లాకుల లినోకట్

ఒక ఊరి చెరువును మూడు లినో బ్లాకులతో (ఉలితో చెక్కి, ఇంకు పూసి అచ్చు తీసే లినోలియం పలకలతో) అచ్చు వేసే పద్ధతి ఇది. మొదటి బ్లాకు ఎర్రమట్టి రంగులో పొలాలు, సర్వే గీతలు. రెండోది పల్చటి నీలంలో, రికార్డు ప్రకారం చెరువు నిండితే నీళ్లు ఎంతదాకా వస్తాయో ఆ మేర. మూడోది నలుపులో, ఈరోజు నేల మీద ఉన్నవి: ఇళ్లు, రోడ్డు, లేఅవుట్. మూడూ ఒకే కాగితం మీద ఒకదానిపై ఒకటి పడతాయి. నీలం మీద నలుపు పడిన చోట చూసేవాళ్ల కన్ను దానంతటదే ఆగుతుంది. ఆ చోటు నేల మీద ఎక్కడుందో కాగితం మీదా కచ్చితంగా అక్కడే ఉండాలి కాబట్టి ఈ పనిలో అందం కంటే ముందు కొలత చూసుకోవాలి.

కాగితాలు సంపాదించడం

ఆంధ్రప్రదేశ్‌లో అయితే మీభూమి వెబ్‌సైట్‌లో గ్రామ పటం, ఒక్కో సర్వే నంబరుకు ఎఫ్‌ఎంబీ (కొలతలతో ఉన్న హద్దుల చిత్తు) చూడొచ్చు. తెలంగాణలో గ్రామ నక్షా, టిప్పన్ (ఒక్కో సర్వే నంబరు కొలతల చిత్తు), సేత్వార్ (సర్వే మూల రిజిస్టరు) కాపీల కోసం జిల్లా సర్వే, భూరికార్డుల కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులకు ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్, చెరువు నిండు మట్టం) పటాలు హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) చెరువుల వెబ్‌సైట్‌లో ఉన్నాయి. పాత నగరం మీద పని చేసేవాళ్లకు 1912–15 మధ్య లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన హైదరాబాద్ మున్సిపల్ సర్వే పటాలు పెద్ద నిధి. మాసాబ్ ట్యాంక్ లాగా పేరు మాత్రమే మిగిలి నీళ్లు మాయమైన చోట్లు నగరంలో చాలా ఉన్నాయి. అలాంటి చోటును ఎంచుకుంటే రెండో బ్లాకుకు పాత పటం తప్ప వేరే ఆధారం దొరకదు.

మూడో బ్లాకు కోసం గూగుల్ ఎర్త్‌లో ఆ చోటి పాత ఉపగ్రహ చిత్రాలను, ఇప్పటి చిత్రాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క ఏడాది చిత్రం చూసి చెరువు హద్దు గీయొద్దు. ఏప్రిల్‌లో తీసిన చిత్రంలో నిండు చెరువు కూడా కుంటలా కనిపిస్తుంది. అక్టోబరు, నవంబరు చిత్రాలే నమ్మదగినవి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. శికం గీత, ఎఫ్‌టీఎల్ గీత ఒకటి కావు. రెవెన్యూ రికార్డులో చెరువు గర్భంగా రాసిన భూమి శికం. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఆనే మేర ఎఫ్‌టీఎల్. ఎఫ్‌టీఎల్ లోపల పట్టా భూములు కూడా ఉంటాయి, వాటిని నీళ్లు తగ్గాక రైతులు సాగు చేసుకుంటారు. కాబట్టి నీలం మీద నలుపు పడిందంటే అదంతా కబ్జా అని అర్థం కాదు. నీలం బ్లాకులో శికం మేరను నిండుగా ఉంచి, శికానికి ఎఫ్‌టీఎల్‌కు మధ్య మేరను సన్నటి చారలుగా చెక్కండి. ఈ తేడా చూపించని ప్రింటు చూడ్డానికి ఎంత బాగున్నా నేల గురించి అబద్ధం చెప్పినట్టే.

కాగితాలు చేతికొచ్చాక ఒకసారి కట్ట మీద నడవండి. తూము ఎక్కడుంది, మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే చోటు, కొన్నిచోట్ల అలుగు, కలుజు అంటారు) ఏ వైపు దూకుతుంది, కాలువ ఏ మడులకు పోతుంది అన్నవి నక్షాలో ఒక్కోసారి చిన్న గుర్తుగా మాత్రమే ఉంటాయి, ఒక్కోసారి అసలే ఉండవు. ఊళ్లో నీరటి (చెరువు నీళ్లను పొలాలకు వదిలే మనిషి) ఉంటే ఆయన్ని అడగండి. ఏ తూము కింద ఎన్ని ఎకరాలు పారుతుందో, ఏ పొలాన్ని జనం ఏ పేరుతో పిలుస్తారో ఆయనకు తెలిసినంతగా ఏ కాగితానికీ తెలియదు.

స్కేలు: గుంట అంటే రెండు మిల్లీమీటర్లు

30 × 22 సెం.మీ. బ్లాకు, 1:5000 స్కేలు తీసుకుంటే నేల మీద 1500 × 1100 మీటర్లు, అంటే సుమారు 400 ఎకరాలు పడుతుంది. ఓ మోస్తరు చెరువు, దాని ఆయకట్టులో ముఖ్యమైన భాగం, ఊరి అంచు ఇందులో సరిపోతాయి.

ఈ స్కేలులో ఎకరం 12.7 మి.మీ. చదరం. గుంట (33 × 33 అడుగులు) సరిగ్గా 2 మి.మీ. చదరం. సెంటు 1.3 మి.మీ. చదరం. 30 × 60 అడుగుల రెండొందల గజాల ప్లాటు 1.8 × 3.7 మి.మీ., బియ్యపు గింజకు కాస్త తక్కువ. లినోలో చేతితో నమ్మకంగా నిలబెట్టగలిగే అతి చిన్న చదరం రెండు మిల్లీమీటర్లే. అంటే గుంట దాకా మీ ఉలి పనికొస్తుంది. సెంట్ల లెక్కలో ఉన్న ముక్కలను విడివిడిగా చెక్కబోతే విరిగిపోతాయి, వాటిని గుంపుగా చూపించండి.

మీటరు వెడల్పు పిల్లకాలువ ఈ స్కేలులో 0.2 మి.మీ. అంత సన్నటి గీత చెక్కినా ఇంకు పూడ్చేస్తుంది. కాలువలను కనీసం 0.8 మి.మీ.కి పెంచి చెక్కాలి. ఇది పటాలు గీసేవాళ్లందరూ పాటించే మర్యాదే, తప్పేమీ కాదు. కట్ట అడుగు వెడల్పు 20 మీటర్లుంటే 4 మి.మీ. వస్తుంది, దాన్ని పెంచాల్సిన పని లేదు. హైదరాబాద్ ప్రాంతంలో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలి. అది 6 మి.మీ. పట్టీ అవుతుంది కాబట్టి చూపించాలనుకుంటే సులువు. చిన్న చెరువులకు ఉండే 9 మీటర్లు 1.8 మి.మీ. మాత్రమే.

పాత మద్రాసు సర్వే గ్రామ పటాల్లో తరచూ 16 అంగుళాలు ఒక మైలు స్కేలు ఉంటుంది, అంటే 1:3960. దాన్ని 1:5000కు తేవాలంటే జిరాక్స్ షాపులో 79 శాతానికి తగ్గించమనండి. తగ్గించాక పటం మీదున్న స్కేలు గీతను రూలరుతో కొలిచి సరిచూసుకోండి. జిరాక్స్ మెషిన్లు ఒకటి రెండు శాతం అటూ ఇటూ పోతాయి. అసలు నక్షా గుడ్డ మీద ఉండి ముడతలు పడితే ఒక పక్క సాగి ఉంటుంది. అప్పుడు రెండు హద్దురాళ్ల మధ్య దూరం ఉపగ్రహ చిత్రంలో కొలిచి పోల్చుకోండి.

సామాన్లు

మూడు లినోలియం ముక్కలు, 3.2 మి.మీ. మందం, కచ్చితంగా 30 × 22 సెం.మీ. లినోను వంచితే పగిలిందంటే పాతబడి ఎండిపోయిందని అర్థం, తీసుకోవద్దు. ముక్కు దగ్గర పెడితే అవిసె నూనె వాసన రావాలి. ఫ్లోరింగ్ షాపుల్లో లినోలియం పేరుతో అమ్మేది చాలాసార్లు పీవీసీ వినైల్, ఉలికి సాగుతుంది కానీ తెగదు. లినో వెనక జనపనార గుడ్డ, చేత్తో గీరితే పొడిలా లేచే ముందుభాగం ఉంటాయి, అదే గుర్తు.

6 మి.మీ. ఎండీఎఫ్ పలకలు మూడు, అదే కొలతలో. వాటి మీద లినోను ఫెవికాల్‌తో అతికించి, పుస్తకాల బరువు పెట్టి ఒక రాత్రి ఉంచండి. నాలుగు మూలలూ మూలమట్టంతో చూడండి. ఒక్క బ్లాకు మూల వంకరగా ఉన్నా మూడు రంగులూ కలవవు.

ఉలులు నాలుగు చాలు: 1 మి.మీ. వి ఉలి, 2 మి.మీ. వి ఉలి, 3 మి.మీ. యు ఉలి, 8 మి.మీ. యు ఉలి. తోలు ముక్క మీద పాలిష్ పేస్టు రాసి, ప్రతి ఇరవై నిమిషాలకోసారి ఉలిని వెనక్కి లాగుతూ పది సార్లు రుద్దండి. మొద్దు ఉలి లినోను కోయదు, చీలుస్తుంది. చేతులు తెగేది కూడా మొద్దు ఉలితోనే, ఎందుకంటే బలం పెట్టాల్సి వస్తుంది.

ఇంకా 10 సెం.మీ. రబ్బరు రోలరు, 6 మి.మీ. మందం గాజు పలక, నూనె ఆధారిత రిలీఫ్ ఇంకు (నీలం, నలుపు), పారదర్శక ఎక్స్‌టెండరు (రంగు లేని ఇంకు, రంగును లేతగా చేయడానికి కలిపేది), ట్రేసింగ్ పేపరు, కార్బన్ పేపరు, ఒక మందపాటి ప్లాస్టిక్ షీటు, స్టీలు గరిటె. కాగితం 80–120 జీఎస్‌ఎం నునుపైన చేతి కాగితం. 300 జీఎస్‌ఎం గరుకు ఖాదీ కాగితం చూడ్డానికి ఘనంగా ఉంటుంది కానీ చేత్తో రుద్దితే సర్వే గీతలు దాని గుంటల్లో మాయమవుతాయి. పన్నెండు ప్రింట్లు కావాలంటే పద్దెనిమిది కాగితాలు కోసి పెట్టుకోండి.

ఎర్ర ఇంకును చెలక మట్టితోనే

మొదటి బ్లాకుకు ఆ ఊరి మట్టినే వాడొచ్చు. ఎవరి పొలం నుంచి తీస్తున్నారో వాళ్లను అడిగే తీయండి. అర కిలో ఎర్ర చెలక మట్టిని రెండు లీటర్ల నీళ్లలో బాగా కలిపి, నిమిషం ఆగి, పైన ఉన్న ఎర్రటి నీళ్లను వేరే బకెట్‌లోకి వంచండి. అడుగున మిగిలిన ఇసుకను పారబోయండి. ఇలా మూడుసార్లు చేసి, చివరి నీళ్లను పల్చటి మల్లు గుడ్డలో వడగట్టి రాత్రంతా కదపకుండా ఉంచాలి. పొద్దున పైనున్న తేటనీరు తీసేసి, అడుగున ఉన్న బురదను పళ్లెంలో పరిచి ఎండబెట్టండి. ఎండాక కల్వంలో నూరండి. వేళ్ల మధ్య రుద్దితే మైదాలా జారాలి. చిన్న గరుకు తగిలినా ఇంకా నూరాలి, ఎందుకంటే ఆ ఒక్క ఇసుక రేణువే రోలరు మీద, లినో మీద గీత పెడుతుంది.

గాజు పలక మీద 20 గ్రాముల ఎక్స్‌టెండరుకు 10 గ్రాముల మట్టి పొడితో మొదలుపెట్టి పట్టీకత్తితో పది నిమిషాలు నూరండి. రంగు చాలకపోతే ఇంకో 5 గ్రాములు. అంతకు మించితే ఇంకు సాగకుండా తెగిపోతుంది, జిగురు పోతుంది, రోలరుకు అంటుకోదు. గట్టిపడిందనిపిస్తే పచ్చి అవిసె నూనె పోయడం పెద్ద పొరపాటు. ఆ నూనె కాగితంలోకి పాకి ప్రతి గీత చుట్టూ పసుపు మరక చేస్తుంది, అది నెలల తర్వాత బయటపడుతుంది.

రేగడి నేలల వాళ్లు నల్లమట్టితో నల్ల ఇంకు వస్తుందనుకుంటారు. రాదు. నూనెలో కలిస్తే అది బూడిద కలిసిన గోధుమ రంగుకు దిగిపోతుంది, పైగా ఆ బంకమన్ను నూనెను బాగా పీల్చుకుంటుంది. రేగడి రంగు కావాలంటే దానికి పదో వంతు నల్ల ఇంకు చేర్చండి.

చెక్కడం

లినోకట్‌లో ఉలి తీసిన చోటు తెల్లగా, మిగిల్చిన చోటు రంగుగా వస్తుంది. సర్వే గీతలను రంగు గీతలుగా మిగల్చాలంటే రెండు పక్కలా చెక్కాలి, ఒక్క జారుడుకు గీత తెగిపోతుంది. తెల్ల గీతలుగా చెక్కితే వి ఉలి ఒక్క లాగుడు చాలు. 1930లో నందలాల్ బోస్ దండి యాత్ర గాంధీని నల్ల నేపథ్యం మీద తెల్ల గీతలతో చెక్కిన లినోకట్ గుర్తుంటే తెల్ల గీతకు ఎంత బలముందో తెలుస్తుంది. మొదటి బ్లాకుకు ఇదే పద్ధతి.

నక్షాను ట్రేసింగ్ పేపరు మీదికి ఎత్తి, ఆ పేపరును తిరగేసి కార్బన్ పేపరుతో లినో మీద దింపండి. తిరగేయడం మరిచిపోతే తూర్పు తూము పడమటికి పోతుంది. బొమ్మలో పడమటి చెట్టు తూర్పున పడితే ఎవరూ పట్టించుకోరు. నక్షాలో మాత్రం అది తప్పు రికార్డు అవుతుంది. దింపగానే ఒక అద్దం పెట్టి చూడండి.

సర్వే నంబర్లు చెక్కాలంటే అక్షరం ఎత్తు 6 మి.మీ. తగ్గకూడదు. తెలంగాణ పహాణీల్లో ఉపవిభాగాలు 143/అ, 143/ఆ అని ఉంటాయి. అ, ఆ మధ్య తేడా చివర ఉన్న ఆ చిన్న మలుపే. చిన్న సైజులో అది పూడిపోతే ఒకరి పొలం ఇంకొకరిది అయినట్టు కనబడుతుంది. అక్షరాన్ని ఇలా చెక్కండి: 1 మి.మీ. వి ఉలిని ఒకే చోట నిలకడగా పట్టుకుని, ఎడమ చేత్తో బ్లాకును నెమ్మదిగా తిప్పండి. ఉలి తిరగకూడదు, బ్లాకే తిరగాలి. గుండ్రటి అక్షరాలకు ఇంతకు మించిన దారి లేదు. లోపలి సున్నాను ముందు చెక్కి, బయటి గీతను తర్వాత చెక్కితే మధ్యలో మిగిలే గోడ విరగదు. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉండాలి. పట్టాదారుల పేర్లు చెక్కొద్దు, సర్వే నంబరు చాలు.

లినో గట్టిగా ఉంటే ఎండలో పెట్టండి. మన ఎండలకు రెండు మూడు నిమిషాలు చాలు. ఎక్కువసేపు ఉంచితే మెత్తబడి సన్నటి అంచులు నలిగిపోతాయి.

పొలాల మీద ఉలి పోయే దిశను కూడా ఆలోచించండి. కట్ట కింది వరిమడులు వాలుకు అడ్డంగా, గట్టు గట్టుగా ఉంటాయి, కాబట్టి అక్కడ ఉలి గీతలూ అడ్డంగానే పోవాలి. మెట్ట చెలకల్లో సాలు ఎటు పోతే అటు. పెద్ద ఖాళీలు తీసినప్పుడు అడుగున మిగిలే సన్నటి గట్లు కొంత ఇంకు పట్టి ప్రింటులో చారలుగా పడతాయి. పొలంలో అవి బాగుంటాయి. నీలం బ్లాకులో చెరువు బయట మాత్రం పూర్తిగా లోతుగా తీసేయండి, లేకపోతే లేని నీళ్లు ఉన్నట్టు కనిపిస్తుంది.

మొదటి బ్లాకు పూర్తయ్యాక దాన్ని ప్లాస్టిక్ షీటు మీద అచ్చు తీసి, ఆ తడి షీటును రెండో బ్లాకు మీద, మళ్లీ ఇంకు వేసి తీసి మూడో బ్లాకు మీద అద్దండి. షీటును పెట్టేది కింద చెప్పబోయే చట్రంలోనే. అద్దిన గీతల మీద టాల్కం పౌడరు చల్లి రెండు రోజులు ఆరనివ్వండి. ఇప్పుడు మూడు బ్లాకుల మీదా కట్ట ఒకే చోట ఉంటుంది. దాన్ని ఆధారంగా చేసుకుని నీటి మేర, ఇళ్లు, రోడ్లు గీసి చెక్కండి.

చట్రం, అచ్చు

45 × 35 సెం.మీ. ప్లైవుడ్ మీద బ్లాకు మూలకు సరిపోయే ఎల్ ఆకారపు చెక్కపట్టీ, దానికి బయట కాగితం మూలకు సరిపోయే ఇంకో ఎల్ పట్టీ మౌంట్ బోర్డుతో అతికించండి. కాగితం పట్టీ ఎత్తు బ్లాకు పైభాగంతో సమానంగా ఉండాలి, లేకపోతే కాగితం మూల దగ్గర వంగి జరుగుతుంది. ప్రతిసారీ బ్లాకు లోపలి మూలకు తన్నుకుని, కాగితం బయటి మూలకు తన్నుకుని కూర్చోవాలి. కాగితం ఏ మూల పెట్టారో దాని వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. రంగు ఒక మిల్లీమీటరు జరిగితే నేల మీద అయిదు మీటర్లు జరిగినట్టు. ఒక ఇల్లు చెరువులోంచి బయటికి వచ్చేయడానికి అది చాలు.

ఈ కారణంగానే కాగితాన్ని తడపొద్దు. తడి కాగితం ఇంకును బాగా తీసుకుంటుంది నిజమే, కానీ తడిసి సాగి, ఆరి కుంచించుకుపోతుంది, మూడు రంగులకు మూడు కొలతలవుతాయి. ఒంటి రంగు ప్రింటుకు తడపండి, దీనికి కాదు.

గాజు మీద ఇంకు పల్చగా పరిచి రోలరు నడపండి. సరైన పూతకు సన్నగా, చినుకులు పడుతున్నట్టు చప్పుడొస్తుంది. పచ్పచ్ మని జిగటగా మోగితే ఎక్కువైంది, తుడిచి మళ్లీ పరచండి. బ్లాకు మీద రోలరును అన్ని దిక్కులా మూడు నాలుగు సార్లు, నొక్కకుండా. నొక్కితే సర్వే గీతల్లోకి ఇంకు దిగుతుంది. కాగితం వేసి, పైన బటర్ పేపరు పెట్టి, గరిటె వీపుతో నడిమి నుంచి అంచులకు చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. ఒక ప్రింటుకు పది నిమిషాలు పడుతుంది. ఒక మూలను ఎత్తి చూడొచ్చు, మూడు మూలలూ కదలకుండా నొక్కిపట్టి.

ముందు ఎర్రమట్టి. రెండు మూడు రోజులు తాళ్లకు క్లిప్పులతో ఆరబెట్టి, ముట్టుకుంటే వేలికి అంటనప్పుడు నీలం. వానాకాలంలో వారం పడుతుంది, తొందరపడొద్దు. నీలం ఒక పాలు ఇంకుకు నాలుగు పాళ్లు ఎక్స్‌టెండరు, కింది సర్వే గీతలు నీళ్లలోంచి కనబడాలి. మొదటి ప్రింటు తీశాక కిటికీ వెలుతురులో చూడండి. గీతలు కనిపించకపోతే ఇంకో పాలు ఎక్స్‌టెండరు కలపండి. చివర నలుపు, ఎక్స్‌టెండరు లేకుండా.

ఏది చెడితే ఎందుకు

రంగు ఉప్పు చల్లినట్టు మచ్చలుగా వస్తే రెండు కారణాలు. గీతలు స్ఫుటంగా ఉండి నిండు రంగు మేర మాత్రమే మచ్చలైతే ఇంకు తక్కువ. గీతలూ మసకైతే రుద్దడం తక్కువ. తెల్ల గీతలు పూడిపోతుంటే ఇంకు ఎక్కువ లేదా వేసవి వేడికి పల్చబడింది. మధ్యాహ్నం మానేసి పొద్దున్నే వేయండి. పూడిన గీతల్లోంచి ఇంకును మెత్తటి టూత్ బ్రష్‌తో తీయాలి, సూదితో కాదు. నలుపు నీలం మీద పట్టకుండా ముత్యాల్లా విడిపోతుంటే నీలం మరీ గట్టిగా ఆరి మెరుపెక్కింది. రంగుకూ రంగుకూ మధ్య పది రోజులకు మించి ఆగితే ఇలా అవుతుంది.

బ్లాకులను వంట నూనెతో తుడిచి, ఆపైన కొద్దిగా సబ్బునీళ్ల గుడ్డతో తుడవండి. నీళ్లలో ముంచితే వెనకనున్న జనపనార ఉబ్బి లినో లేచిపోతుంది. అవిసె నూనె ఇంకు తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయొద్దు. అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ల డబ్బాలో వేయండి, లేదా ఆరుబయట విడివిడిగా పరచండి.

ఆరిన ప్రింటు కింద పెన్సిల్‌తో ఎడమ పక్క వరస సంఖ్య (1/12, 2/12...), నడుమ చెరువు పేరు, కుడి పక్క సంతకం. దాని కింద చిన్న అక్షరాల్లో స్కేలు, నక్షా ఏ సంవత్సరానిదో, నలుపు బ్లాకుకు వాడిన ఉపగ్రహ చిత్రం ఏ నెల ఏ సంవత్సరానిదో రాయండి. మొదటి ప్రింటు ఆ నీరటికి, రెండోది గ్రామ పంచాయతీ కార్యాలయానికి ఇవ్వండి. వాళ్లు తప్పు చూపిస్తే మూడో బ్లాకును సరిచేసి మిగతావి వేయండి.